మూడు బోసి బన్నులు

ఆమెకు ఆడపడుచులు లేరు, మరుదులు లేరు. మొగుడు వాళ్లింట్లో ఒక్కగానొక్క కొడుకు. అయినా వీధి వీధంతా ఆమెను వదినా అనే పిలుస్తుంది. మలుపులో ఉన్న బేకరీలో గల్లాపెట్టె వెనక నిలబడే మనిషిని ఏదో ఒక వరస పెట్టి పిలవకపోతే జనానికి తిన్నది గొంతు దిగదు కాబోలు. మొదట దర్జీ పిలిచాడు, ఆయన్ని చూసి పక్కింటివాళ్లు పిలిచారు, చివరికి ఆమె కంటే పెద్దవాళ్లు కూడా ఆ వరసే ఖాయం చేసుకున్నారు. మొదట్లో చిరాకుపడింది. తర్వాత పలకడం అలవాటైంది. ఇప్పుడెవరైనా మేడమ్ అంటే వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకుంటుంది.

బేకరీ అరుగు మీద తలుపుల్లేని చెక్క బీరువా ఒకటుంది. చదివేసిన పుస్తకాలు ఎవరివి వాళ్లు తెచ్చి అందులో పెడతారు, నచ్చినవి పట్టుకుపోతారు. దాని పక్కనే ఒక గాజుపెట్టె. ముందు రోజు అమ్ముడుపోని బన్నులు వదిన పొద్దున్నే అందులో సర్దుతుంది. పుస్తకం తీసుకున్నవాళ్లు బన్ను కూడా ఊరికే తీసుకోవచ్చు. పుస్తకం ముట్టకుండా బన్ను మీద చెయ్యి వేశారో, వదిన కళ్లతోనే చంపేస్తుంది. ఖాళీ కడుపుతో చదివితే బుర్రకెక్కదని ఆమె సిద్ధాంతం. చదవకుండా తింటే అరగదని రెండో సిద్ధాంతం. ఆమె చదువు అంతంతమాత్రం గానీ సిద్ధాంతాలకు మాత్రం లోటు లేదు.

ఆ ఇంట్లో ఇంకో పట్టుదల కూడా ఉంది. బన్ను ఓవెన్లోకి వెళ్లేముందు నెత్తిన పాలు రాసి, బయటికొచ్చాక కాస్త వెన్న పూస్తే తళతళలాడుతుంది. దాన్ని వాళ్లు మెరుపు అంటారు. మెరుపు పెట్టనిది బోసి బన్ను. మామగారి కాలం నుంచీ ఒక్కసారి తప్ప బోసి బన్ను ఆ గడప దాటింది లేదు. పెళ్లైన కొత్తలో వదిన పొరపాటున ఒక బోసి బన్ను అమ్మితే ఆ మామగారు కొన్నవాడి వెంటపడి వెళ్లి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచీ వదినకు బోసి బన్ను కనిపిస్తే చెయ్యి ఆగదు. గోడ మీద పటం వంకరగా ఉంటే సర్దకుండా ఉండలేనివాళ్లుంటారు చూడండి, అదే జబ్బు.

ఆ రోజు పొద్దున గాజుపెట్టె ఖాళీగా ఉంది. ముందు రోజంతా వాన. జనం వేడివేడిగా ఏదైనా దొరుకుతుందా అని ఎగబడి, ఉన్నవన్నీ ఊడ్చుకుపోయారు. ఖాళీ పెట్టెను చూస్తే వదినకు ప్రాణం ఉసూరుమంటుంది. సరిగ్గా అప్పుడే ఓవెన్ వెనక అడుగు అరలో, చిన్న ట్రేలో మూడు బోసి బన్నులు కనిపించాయి. ఈయనకు మతిమరుపు ఎక్కువైపోతోందని గొణుక్కుంటూ ఆమె వాటికి పాలు రాసింది, ఇంకా వేడి దిగని ఓవెన్లో కాసేపు పెట్టింది, వెన్న పూసింది, పట్టుకెళ్లి గాజుపెట్టెలో పెట్టింది. ఎంత ముద్దుగా ఉన్నాయో అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది కూడా.

కాస్త పొద్దెక్కాక మొగుడు పిండి బస్తాలు దింపించుకుని లోపలికి వచ్చాడు. ఓవెన్ వెనక వంగి వెతకడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇక్కడ ట్రేలో మూడు బన్నులుండాలి. ఏవి?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?" అంది వదిన, గల్లాపెట్టె తుడుస్తూ. "మెరుపు పెట్టడం మర్చిపోయారు. నేనే పెట్టి బయట పెట్టెలో వేశాను. మా మామగారే గనక ఉండుంటే మీ చెవి మెలేసేవారు."

ఆయన అలాగే బస్తా మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మర్చిపోలేదు," అన్నాడు. "కావాలనే పెట్టలేదు. అడుగున కోసి ఎలుకల మందు కూరాను. పిండి గదిలో పెడదామని. మెరుపు లేనిదాన్ని మన షాపులో ఎవరూ ముట్టరు కదా, అదే గుర్తనుకున్నాను."

వదినకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున అరుగు మీదికి వచ్చింది. గాజుపెట్టెలో నాలుగు బన్ను నలుసులు తప్ప ఏమీ లేవు.

ఏం చెయ్యాలో తోచక ఆమె బీరువా వంక చూసింది. అలా చూడటమే మంచిదైంది. ఆ బీరువాలో ఏ పుస్తకం ఎక్కడుందో, ఎవరికి ఏ రుచో ఆమెకు కంఠతా వచ్చు. నిన్న సాయంత్రం తనే దుమ్ము దులిపి సర్దింది. ఇప్పుడు మూడుచోట్ల సందులు కనిపిస్తున్నాయి. పై అరలో లావుపాటి హత్యల నవల లేదు. అది దర్జీ తప్ప ఎవరూ ముట్టరు. మధ్య అరలో ఓడ ప్రయాణాల పుస్తకం లేదు. చీమ తలకాయంత అక్షరాలు. అంత ఓపిక వీధిలో ప్రూఫుల తాతయ్యకే ఉంది. కింది అరలో ఏనుగు బొమ్మల పుస్తకం లేదు. అది చిలకమ్మ తన మనవరాలి కోసం తీసుకుని ఉండాలి.

మనవరాలి కోసం. 

"నిజం చెప్పామంటే షాపు మూసుకోవడమే," అన్నాడు మొగుడు వెనకనుంచి.  "పాచిపోయాయని చెప్పి తీసుకొచ్చెయ్. నేనొస్తే నా మొహం చూసే కనిపెట్టేస్తారు."

ఆయనన్నది అబద్ధం కాదు, ఆయన మొహంలో ఏదీ దాగదు. వదినకు కూడా ఆ ఉపాయం నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవాలి. ఎలుకల మందు బన్ను పంచిన బేకరీ అని నలుగురూ అనుకోవడం తలుచుకుంటేనే ఆమెకు తల కొట్టేసినట్టైంది. పాచి అంటే ఎవరు మాత్రం తింటారు, ఆ ఒక్క మాటతో పని అయిపోతుంది, పరువూ నిలుస్తుంది అనుకుంది. ఏప్రన్ విప్పడం కూడా మర్చిపోయి వీధిలోకి పరుగెత్తింది.

దర్జీ కొట్టు నాలుగు గుమ్మాల అవతల. ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని, దారపు రీళ్లకు ఆనించి పుస్తకం నిలబెట్టి, కాళ్లతో తొక్కుతూ కళ్లతో చదువుతాడు. అలా కుట్టిన చొక్కాలకు అప్పుడప్పుడు ఒక చెయ్యి పొట్టిగా వస్తుంది. అదేమంటే, హంతకుడు దొరికే చోట కుట్టానండీ అంటాడు. ఆ సమయంలో ఆయన మిషను ఆపి టీ తెప్పించుకున్నాడు. ఒక చేతిలో గ్లాసు. రెండుగా తుంచిన బన్నులో ఒక సగం రెండో చేతిలో, ఇంకో సగం ఒళ్లో. చేతిలోని ముక్కను టీలో ముంచడానికి వంచుతున్నాడు.

"ఆగండి," అంది వదిన. అరుద్దామనుకుంది గానీ గొంతు కీచుగా వచ్చింది.

దర్జీ తలెత్తాడు. "రా వదినా. కూర్చో. పుస్తకంలో వంటమనిషి మీద నాకు అనుమానంగా ఉంది."

"ఆ బన్ను ఇటివ్వండి. పాచిపోయింది."

"పాచిపోవడమేంటి, దూదిలా ఉంది. అయినా టీలో ముంచాక పాచేంటి, తాజా ఏంటి?" అంటూ ముక్క గ్లాసులోకి దించబోయాడు.

వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. ముక్క లాక్కుంది, ఒళ్లోని రెండో ముక్కా లాక్కుంది. టీ సగం ఆయన కొలతల పుస్తకం మీద ఒలికింది. ఆయన నోరెళ్లబెట్టి చూశాడు.

"పెట్టిన బన్ను లాక్కునే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. నేనేం పాపం చేశాను వదినా?"

"తిన్నారా? కొంచెమైనా కొరికారా?"

"ఎక్కడ కొరకనిచ్చావు? ఏంటి, అలా చెమటలు పడుతున్నాయి? ఒంట్లో బాలేదా?"

వదిన వేరే బన్ను పంపిస్తానంటూ బయటపడింది. ముక్కల్ని ఏప్రన్ జేబులో కుక్కుకుంటుంటే వేళ్లకు అడుగున పొడిపొడిగా ఏదో తగిలింది. ఆ చెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడిచింది. ఒకటి దొరికింది, ఇంకా రెండున్నాయి. చెప్పిన అబద్ధాన్ని ఎంత తేలిగ్గా కొట్టిపారేశాడో అని భయం వేసింది. ఒక్క గుటక ఆలస్యమై ఉంటే అన్న ఆలోచన మీద మనసు నిలవనివ్వకుండా అడుగులు వేసింది.

ఎదురు మేడ మీద ప్రూఫుల తాతయ్య ఉంటాడు. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరైనా చదవడం అలాగే ఉంది, అక్షరం అక్షరం తడిమి చూస్తూ, పుస్తకం మార్జిన్లో తప్పు దిద్దుతూ. ఆయన చదువుతున్నంతసేపూ తలుపు గడియ వేసి ఉంటుంది. ఇంట్లో ఆయన కాకుండా ఇంకో ప్రాణి ఒక పిల్లి. దాని పేరు మేనేజరు. గది గదికీ తిరిగి తనిఖీ చేసి, ఏదీ బాగాలేదన్నట్టు మొహం పెట్టి, చివరికి ఆయన ఒళ్లో పడుకుంటుంది కాబట్టి ఆ పేరు. పొద్దున పుస్తకం, ఒళ్లో మేనేజరు, పక్కన పళ్లెంలో బన్ను. ఇంతకంటే తనకేం అక్కర్లేదని ఆయన చాలాసార్లు బేకరీ అరుగు మీద ప్రకటించాడు.

వదిన మెట్లెక్కి తలుపు బాదింది.

"ఎవరదీ?"

"నేనే తాతయ్యగారూ, బేకరీ వదినని. పొద్దున తెచ్చుకున్న బన్ను తిన్నారా?"

"ఇంకా లేదమ్మాయ్. ఈ అధ్యాయం అయ్యాక తింటా. ఇక్కడ ఓడ మునిగేట్టుంది."

వదినకు ఊపిరి వచ్చింది. "తినకండి. అది పాచిపోయింది. తలుపు తీసి ఇటిచ్చేయండి."

"ఇప్పుడు లేవలేనమ్మాయ్, మేనేజరుగారు ఒళ్లో నిద్రపోతున్నారు. తిననులే. నా పొట్ట సంగతి నీకు తెలుసుగా, పాచిది అస్సలు పడదు."

"ఖాయంగా తినరు కదా?"

"చెప్పాను కదమ్మా, ముట్టను. వెళ్లిరా."

ఆమె ఒక్క క్షణం ఆగింది. తలుపు తీయించాలా, వద్దా? అవతల చిలకమ్మ మనవరాలు ఉంది. ఈయన మాట మీద నిలబడే మనిషి, తిననన్నాడంటే తినడు. పిల్ల సంగతి ముందు చూద్దాం అనుకుని మెట్లు దిగేసింది. దిగుతుంటే లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టనిపించింది గానీ, దాని సంగతి చూసుకునే తీరిక ఆమెకు లేకపోయింది.

చిలకమ్మ ఇల్లు వీధి చివర. ఇంట్లో చిలకను పెంచుతుంది కాబట్టి ఆ పేరని కొందరంటారు. ఆ చిలక కంటే ఆవిడే ఎక్కువ మాట్లాడుతుంది కాబట్టి అని మిగిలినవాళ్లంటారు. వదినను చూడగానే ఆవిడ పంజరం ముందు నుంచి లేచి, చిలక రెండు రోజులుగా మూతి ముడుచుకుని కూర్చున్న వైనం మొదలుపెట్టింది.

"పిన్నీ, అదంతా తర్వాత. పొద్దున తీసుకున్న బన్ను ఏది?"

"అదా? మా చిలక్కి పెడదామనుకున్నా. పిల్ల ఊరుకుంటేనా. నాకే కావాలని గోల. డబ్బాలో పెట్టి బడికి పంపించాను. ఏం, ఎందుకూ?"

వదిన అక్కడికక్కడే వెనుతిరిగింది. వెనకనుంచి చిలకమ్మ ఏదో అడుగుతూనే ఉంది, చిలక కూడా అదే అడుగుతోంది.

పసిపిల్లల బడి రెండు వీధుల అవతల. వదిన ఒళ్లు అంత తేలికైనదేమీ కాదు, పరుగెత్తి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఆయాసంతో పక్కటెముకలు పట్టేశాయి. సైకిలువాడెవడో తిట్టాడు. ఆమెకు కనిపిస్తున్నది ఒక్కటే, బుగ్గ నిండా బన్ను కుక్కుకుని నవ్వే పిల్ల మొహం. ఆ పిల్ల రోజూ అరుగు మీదికి వచ్చి, బొమ్మల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, ఏనుగు కథ తనకు తోచినట్టు చదివి వినిపిస్తుంది. ప్రతిసారీ ఏనుగు చివరికి బన్నే తింటుంది. దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు, ఇంకెప్పుడూ దేని మీదా మెరుపు పెట్టను అని మనసులో మొక్కుకుంటూ పరుగెత్తింది.

గది గుమ్మంలో టీచరమ్మ అడ్డుకుంది. లోపల పిల్లలు చాపల మీద వరసగా కూర్చుని డబ్బాలు తెరుస్తున్నారు. మూతల చప్పుడు, కిలకిలలు.

"చిలకమ్మ మనవరాలి డబ్బా కావాలి," అంది వదిన రొప్పుతూ. "అందులో బన్ను, అది పాచిపోయింది."

"పిల్లల తిండి మేం బయటివాళ్లకివ్వమండీ," అంది టీచరమ్మ మర్యాదగానే. "నేను చూస్తాలెండి. పాచి వాసన వస్తే తిననివ్వను."

"వాసన రాదు. మీకు తెలీదు. నన్ను లోపలికి రానివ్వండి."

"మీరు కాస్త కూర్చోండి ముందు. మంచినీళ్లు తెప్పిస్తాను."

టీచరమ్మ భుజం మీదుగా వదినకు పిల్ల కనిపించింది. కిటికీ కింద కూర్చుని ఉంది. డబ్బా తెరిచింది. బన్ను బయటికి తీసి, దాని మెరుపును వేలితో నిమిరి చూసి మురిసిపోయింది. పక్కనున్న పిల్లకి చూపించింది. ఇద్దరూ ఏదో ఒప్పందానికి వచ్చారు. బన్నును నడిమికి తుంచడం మొదలుపెట్టింది.

పరువు, షాపు, మామగారి పేరు, అన్నీ ఎక్కడో గాలికి కొట్టుకుపోయాయి. "అందులో ఎలుకల మందుంది," అంది వదిన.

పెద్దగా కూడా అనలేదు. టీచరమ్మ మొహం ఒక్కసారిగా మారిపోయింది. వెనక్కి తిరిగి, చాపల మీదుగా దాటుకుంటూ వెళ్లి, పిల్ల చేతిలోని రెండు ముక్కల్నీ లాక్కుంది. పిల్లలిద్దరి నోళ్లూ తెరిపించి వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. చేతులు కడిగించింది, మళ్లీ కడిగించింది, చాప దులిపించి అవతల పారేయించింది. పిల్ల తన బన్ను కోసం గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.  అంత హాయైన ఏడుపు వదిన జన్మలో వినలేదు.

"మీ షాపుదేనా ఇది?" అడిగింది టీచరమ్మ, ముక్కల్ని కాగితంలో చుట్టి ఇస్తూ.

"మాదే."

టీచరమ్మ ఒక్క చూపు చూసింది. ఆ చూపు చాలు. వదిన తల దించుకుని బయటికి వచ్చింది.

బేకరీ మెట్ల మీద మొగుడు నిలబడి ఉన్నాడు. ఆమె జేబులోంచి, కాగితంలోంచి ముక్కలన్నీ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన వాటిని జతచేసి చూశాడు. రెండు బన్నులయ్యాయి.

"ఇంకోటేది?"

"తాతయ్యగారి దగ్గరుంది. పాచిపోయిందని చెప్పాను. తిననన్నారు."

"తీసుకురాలేదా?"

"మేనేజరు ఒళ్లో పడుకున్నాడు, లేవలేనన్నారు. ఆయన ముట్టరు లెండి, ఆయన తిననివన్నీ..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. ఆయన తిననివన్నీ ఎవరికి పెడతాడో వీధి మొత్తానికి తెలుసు. పాలమీది మీగడ, రొట్టె అంచులు, నచ్చని కూర, ఏదైనా సరే పారెయ్యడం ఆయనకు చేతకాదు.

వదిన మళ్లీ పరుగెత్తింది.  మెట్ల మీద ఒకసారి మోకాలు దోక్కుపోయింది, తెలియలేదు. తలుపు తీసే ఉంది. ప్రూఫుల తాతయ్య కుర్చీలోంచి లేచి ఒళ్లు విరుచుకుంటున్నాడు. ఓడ మునిగి, అధ్యాయం అయిపోయినట్టుంది.

"మళ్లీ వచ్చావా? నీ మాట జవదాటలేదమ్మాయ్, ముక్క కూడా నోట పెట్టుకోలేదు," అన్నాడు సంబరంగా. "మేనేజరుకి పాచీ లేదు, తాజా లేదు. అడుగు వైపు నుంచి మొదలుపెట్టి సగం లాగించేశాడు."

కిటికీ దగ్గర పిల్లి కూర్చుని మూతి నాక్కుంటోంది. పక్కన పళ్లెంలో సగం బన్ను, పైన మెరుపు చెక్కుచెదరకుండా.

వదిన నేల మీద కూలబడింది. ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు. అంతా చెప్పేసింది. ఎలుకల మందు, బోసి బన్నులు, తను పెట్టిన మెరుపు, తన మొగుడి ఉపాయం, తన అబద్ధం. తాతయ్య వింటున్నాడు. ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆయన ఏదైనా అక్షరం అక్షరమే తీసుకుంటాడు.

"పాచిపోయిందన్నావు కదమ్మా," అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అన్నాడు. "విషం అని ఉంటే వాడికి పెట్టేవాణ్ణి కాదుగా."

వదిన అప్పటికే బుట్ట కోసం చుట్టూ చూస్తోంది. 

మేనేజరును తువ్వాల్లో చుట్టి, బుట్టలో పెట్టుకుని ఇద్దరూ పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు. దారిలో అది ఒకసారి అరిచింది. ఎప్పుడూ అరిచే అరుపులా లేదు. తాతయ్య బుట్టను రెండు చేతులా గుండెకు అదుముకుని, "వచ్చేశాం నాయనా, వచ్చేశాం," అంటూనే ఉన్నాడు. ఆసుపత్రి బయటి గదిలో కుక్కలతో, పంజరాలతో సగం పేట కూర్చుని ఉంది. వాళ్లలో బేకరీకి రాని మొహం ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ బుట్టలోకి చూసి, "ఏం తింది?" అని అడిగింది.

తాతయ్య వదిన వైపు చూశాడు. గదంతా ఇటే చూస్తోంది. పాచిది ఏదో తిన్నదనడం ఎంత సులువో వదినకు ఆ క్షణంలో కూడా తట్టింది. అలా తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మా షాపు బన్ను. అందులో ఎలుకల మందు పెట్టాం. చూసుకోకుండా నేనే అందరికీ పంచాను," అంది, గదిలో అందరికీ వినపడేట్టు.

ఏ మందో తెలిస్తే గానీ విరుగుడు తేల్చలేనంది డాక్టరమ్మ. ఫోను చేస్తే మొగుడు పొట్లం పట్టుకుని నడివీధిలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా పిండి, చేతిలో ఎలుక బొమ్మ వేసిన ఎర్రటి పొట్లం. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. డాక్టరమ్మ పొట్లం మీద రాసింది చదివి, పిల్లిని లోపలికి పట్టుకుపోయింది. తలుపు మూసుకుంది.

ఆ తలుపు అవతల కక్కించారు, మందులెక్కించారు, మళ్లీ కక్కించారు. ఇవతల ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు. తాతయ్య జేబులో ఏదో పుస్తకం ఉంది, తీయలేదు. వదిన వేళ్లు చాలాసార్లు కడుక్కుంది, అయినా ఆ పొడి గోళ్లలో ఉన్నట్టే అనిపిస్తోంది. లోపల చిన్న చప్పుడైనా ముగ్గురూ తలెత్తేవాళ్లు. ఒకసారి పిల్లి సన్నగా అరిచింది. తాతయ్య తువ్వాలును మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది వదిన. ఏ చెయ్యి వెయ్యాలో తెలియక ఊరుకుంది.

మేనేజరు బతికింది. త్వరగా తీసుకొచ్చారు, దాచకుండా చెప్పారు, అందుకే దక్కిందంది డాక్టరమ్మ. చాలా రోజులు అక్కడే బోనులో ఉంచి, చిక్కి సగమయ్యాక ఇంటికి పంపారు. ఇప్పుడు తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది గానీ, పళ్లెం ముందు పెడితే మూతి తిప్పేసుకుంటుందట. తాతయ్య తన వేలితో నాకించి నమ్మించాల్సి వస్తోందట.

మనుషుల సంగతీ దాదాపు అంతే. మొగుడు ఎలుకల మందంతా పారేసి, బోనులు కొని పెట్టాడు. జనం పూర్తిగా రావడం మానలేదు. దర్జీ మొదటి రోజే వచ్చి, "హంతకురాలు నువ్వే అని నేను చివరి పేజీ దాకా కనిపెట్టలేకపోయా వదినా," అని నవ్వించబోయాడు. బన్ను మాత్రం కొనలేదు. బిస్కట్ పొట్లం కొన్నాడు, అది కంపెనీలో సీలు వేసి వచ్చింది. చిలకమ్మ పలకరించదు. అమ్మకానికి పెట్టిన బన్నుల్ని చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, అడుగు చూసి, మళ్లీ ట్రేలో పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. వదిన ఎవరినీ ఏమీ అనదు. అనే మొహం ఆమెకు లేదు. పెందలాడే నిద్ర లేచి, మొగుడు పిండి కలుపుతుంటే పక్కన నిలబడి ప్రతి డబ్బా మూత తీసి వాసన చూస్తుంది. 

ఒక రోజు పొద్దున ప్రూఫుల తాతయ్య వచ్చాడు. ఆసుపత్రి తర్వాత ఆయన అటు రావడం అదే మొదలు. చంకలో పుస్తకం ఉంది. వేడి బన్ను ఒకటి అడిగి, ఊరికే వద్దని డబ్బులిచ్చి, కాగితంలో పెట్టిచ్చిన బన్నును పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వదిన బాగున్నారా అని అడిగింది. బాగున్నానన్నాడు. మేనేజరు బాగున్నాడా అంది. ఉన్నాడన్నాడు. బన్ను చేతిలో అలాగే ఉంది. వేడి చల్లారిపోతోంది.

"తినాలనే వచ్చానమ్మాయ్," అన్నాడు నేల వంక చూస్తూ. "నీ మీద కోపమేం లేదు. చెయ్యి నోటిదాకా రావడం లేదు, అంతే."

వదిన చెయ్యి చాపి ఆయన చేతిలోని బన్ను తీసుకుంది. రెండుగా తుంచింది. ఒక సగం తన నోట్లో పెట్టుకుంది.

తన కళ్ల ముందే కలిపిన పిండి, తన చేత్తోనే ఓవెన్లో పెట్టిన బన్ను. అయినా నాలుక మీద పడగానే భయం వేసింది. నమలడం ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఈ అరుగు మీద నిలబడి జనానికి ఏం తినిపిస్తూ వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది. బన్నుతో పాటు వాళ్లు తిన్నది తన మీది నమ్మకాన్ని. ముద్ద మింగడానికి చాలా కష్టపడింది. తాతయ్య ఆమె గొంతు వంకే చూస్తున్నాడు. అది కిందికి దిగేదాకా చూశాడు.

ఆ తర్వాత రెండో సగం అందుకున్నాడు. తినలేదు.

"కాసేపు ఇక్కడ కూర్చుంటానమ్మా," అన్నాడు మొహమాటంగా, బల్ల వైపు చూపిస్తూ.

ఎందుకు కూర్చుంటున్నాడో ఆమెకు తెలుసు. తనకు తెలుసని ఆయనకూ తెలుసు. "కూర్చోండి తాతయ్యగారూ," అంది. ఆయన బల్ల మీద కూర్చుని, ఒళ్లో సగం బన్ను పెట్టుకుని, పుస్తకం తెరిచాడు. వదిన గల్లాపెట్టె వెనకనుంచి ఇవతలికి వచ్చి, తనకేమీ కావడం లేదని ఆయనకు బాగా కనపడేచోట నిలబడింది.